సరిహద్దు ఊళ్లకు రైలు: కొత్త లైను వచ్చేదాకా ఆగాలా?

విమానాశ్రయం కోసం శాంతిపురం, రామకుప్పం మండలాల్లో భూములు చూశారు. కానీ అదే శాంతిపురం నుంచి బెంగళూరులో పనికి వెళ్లే కుర్రాడు రైలెక్కాలంటే ముందు బస్సో, ఆటోనో పట్టుకుని కుప్పం చేరాలి. పుంగనూరుకైతే రైలు మార్గమే లేదు. మదనపల్లె పేరుతో స్టేషన్ ఉన్నా అది ఊరికి దూరంగా సీటీఎం దగ్గర ఉంది. ఆ లైను పాకాల–ధర్మవరం మధ్య నడిచేది, బెంగళూరుకు తిన్నగా వెళ్లేది కాదు.

ఈ ప్రాంతాన్ని పక్క రాష్ట్రాలతో కలిపే ప్రతిపాదనలు మూడు ఉన్నాయి. మొదటిది కడప–బెంగళూరు లైను. 2008–09లో మంజూరైంది. రాయచోటి, మదనపల్లె మీదుగా సుమారు 255 కి.మీ. వెళ్లాలి. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. ఇన్నేళ్లలో రైలు నడిచేలా తయారైంది కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఉన్న కొద్ది ముక్కే. రెండోది కర్ణాటకలోని శ్రీనివాసపుర నుంచి మదనపల్లెకు సుమారు 75 కి.మీ. లైను. ఇది వస్తే మదనపల్లె నుంచి చింతామణి, కోలారు రైలులోనే చేరొచ్చు. మురుగమల్ల దర్గాకు వెళ్లే కుటుంబాలకు చింతామణి దారి కొత్తేమీ కాదు. మూడోది మారికుప్పం–కుప్పం లైను. పొడవు 24 కి.మీ. లోపే. మూడింటిలో చిన్నది ఇదే.

మారికుప్పం అంటే కేజీఎఫ్ చివరి స్టేషన్. బంగారు గనుల కోసం 1894లో బంగారపేట నుంచి అక్కడికి రైలు వేశారు. 2001లో గనులు మూతపడ్డాక ఊరి బతుకంతా బెంగళూరు రైళ్ల మీదే పడింది. ఇప్పుడు ఆ రైళ్లు మారికుప్పంలో ఆగి వెనక్కి తిరుగుతాయి. లైను కలిస్తే వాటిని కుప్పం దాకా పొడిగించొచ్చు. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కుప్పం నుంచి బెంగళూరుకు దీనివల్ల దూరం తగ్గదు. కుప్పం నుంచి బంగారపేటకు నేరుగా లైను ఇప్పటికే ఉంది. లాభమల్లా కేజీఎఫ్‌తో సంబంధం, రైళ్ల సంఖ్య పెరిగే అవకాశం.

అసలు చిక్కు పట్టాల్లో కంటే పాలనలో ఉంది. కుప్పం ఆంధ్రలో ఉన్నా స్టేషన్ మాత్రం హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేలో, బెంగళూరు డివిజన్ కింద ఉంది. మదనపల్లె రోడ్డు స్టేషన్ గుంతకల్లు డివిజన్‌ది. కుప్పం దాటి కాసేపు వెళ్తే వచ్చే జోలార్‌పేట దక్షిణ రైల్వేది. ఎంపీలూ వేరే. కుప్పం చిత్తూరు లోక్‌సభ పరిధిలోకి వస్తుంది, మదనపల్లె, పుంగనూరు రాజంపేట పరిధిలోకి వస్తాయి. ఇలాంటి చోట అర్జీ ఎవరికి పెట్టాలో తెలియకే సగం అడగడం ఆగిపోతుంది.

మన కుటుంబాల ప్రయాణాలు మాత్రం ఈ గీతలను పట్టించుకోవు. వాణియంబాడి, ఆంబూరులో బంధుత్వాలు. పిల్లల దీనీ చదువుకు ఉమరాబాద్ దారుస్సలాం, వేలూరు బాఖియాత్. పెద్ద జబ్బయితే వేలూరు సీఎంసీ. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట దాటితే వరసగా వచ్చేవి వాణియంబాడి, ఆంబూరు, కాట్పాడి. దారి ఒక్కటే. కానీ ప్యాసింజర్ రైలు జోలార్‌పేటలో ఆగిపోతే ముసలి తల్లిని, మందుల సంచిని పట్టుకుని అక్కడ దిగి ఇంకో రైలు కోసం కూర్చోవాల్సిందే.

అందుకే కొత్త లైన్ల కోసం అడుగుతూనే, ఉన్న లైను మీద సాధ్యమయ్యేవి కూడా అడగాలి. పొద్దున డ్యూటీ వేళకు బెంగళూరు చేరి, రాత్రి ఇంటికి తెచ్చే మెమూ ఒకటి. జోలార్‌పేట రైలును కాట్పాడి దాకా పొడిగించడం రెండోది. శాంతిపురం, వి.కోట నుంచి రైలు వేళకు అందేలా ఆర్టీసీ బస్సు మూడోది. వీటికి భూసేకరణ అక్కర్లేదు.

డబ్బు సంగతీ ఉంది. నెలవారీ సీజన్ టికెట్ 150 కి.మీ. దాకా ఇస్తారు. కుప్పం నుంచి బెంగళూరు సుమారు 104 కి.మీ. అంటే టైలరింగ్ షాపులో, గ్యారేజీలో పనిచేసే కుర్రాడు అక్కడ గది అద్దె కట్టకుండా పాస్‌తో రోజూ ఇల్లు చేరే వీలుంది. రైలు వేళ కుదరాలి, అంతే.

బెంగళూరు కంటోన్మెంట్–వైట్‌ఫీల్డ్ మధ్య నాలుగు లైన్ల పని జరుగుతోంది. వైట్‌ఫీల్డ్ నుంచి బంగారపేట దాకా సబర్బన్ రైలు పొడిగించాలనే ప్రతిపాదనా ఉంది. పట్టాలు ఖాళీ అయినప్పుడు కొత్త రైళ్లు ముందుగా అడిగిన ఊళ్లకే దక్కుతాయి. కుప్పం ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి సొంత నియోజకవర్గం. 1989 నుంచి గెలుస్తున్నది ఇక్కడే. ఆ పలుకుబడి హుబ్బళ్లి దాకా పనిచేయాలంటే ఇద్దరు ఎంపీలు కలిసి రాయాలి. మసీదు కమిటీలు, వర్తక సంఘాలు, కాలేజీలు తమ ఊరి నుంచి రోజూ ఎంతమంది, ఏ వేళకు, ఎక్కడికి వెళ్తున్నారో లెక్క తీసి వాళ్ల చేతికివ్వాలి. ఆ లెక్క లేకుండా పోయే అర్జీకి "పరిశీలిస్తాం" అన్న జవాబే వస్తుంది.