రూపాయి బిళ్ళ చెప్పే పాఠం

స్టీలు గ్లాసు మీద అట్టముక్క, దాని మీద రూపాయి బిళ్ళ. అట్టను వేలితో ఠక్కున మీటితే అది ఎగిరిపోతుంది. బిళ్ళ మాత్రం టంగుమని గ్లాసులో పడుతుంది. చుట్టూ మూగిన పిల్లలు "ఇంకోసారి, ఇంకోసారి!" అంటారు. జడత్వం అనే మాట చెప్పాల్సింది సరిగ్గా అప్పుడే.

మన తరగతుల్లో తరచూ ఈ వరస తిరగబడుతోంది. ముందు నిర్వచనం, తర్వాత సూత్రం, ఆఖరున పరీక్ష. న్యూటన్ నియమాలు మూడూ గడగడా అప్పజెప్పే విద్యార్థి, బస్సు బ్రేకు వేస్తే ముందుకు ఎందుకు తూలతామంటే తడబడతాడు.

వేరే దారి ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, పిల్లలే ప్రయోగం చేసి తెలుసుకోవాలన్న పట్టుదలతో 2002 దాకా నడిచింది. అందులో పనిచేసిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి చూపారు. కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పల్లె బడులకే తీసుకెళ్తోంది.

పెద్ద ఖర్చూ అక్కర్లేదు. పుస్తకాన్నీ, దానికన్నా చిన్న కాగితాన్నీ పక్కపక్కన వదిలితే కాగితం వెనకబడుతుంది. అదే కాగితాన్ని పుస్తకం మీద పరిచి వదిలితే రెండూ కలిసే నేలను తాకుతాయి. కాగితాన్ని ఆపింది గాలి! 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్, గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలి చూపించింది ఇదే.

ఈ సంచిక నిండా ఇలాంటి ప్రయోగాలే. ఉపాధ్యాయులు తాము చేసి చూపడంతో ఆగకుండా, వస్తువుల్ని పిల్లల చేతికివ్వాలని, అప్పుడు వాళ్ళు వేసిన ప్రశ్నలను పత్రికకు రాసి పంపాలని మనవి.