నీళ్ల లెక్క ముందు తేలాలి

నల్లమలలో యురేనియం వెతకడానికి 83 చదరపు కిలోమీటర్లలో సుమారు 4,000 బోర్లు వేస్తామన్నారు. చెంచులు అడ్డం తిరిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానించింది. అయినా "నీళ్లు పరీక్షిస్తాం, భయమెందుకు?" అనే పెద్దలున్నారు.

కడప జిల్లా తుమ్మలపల్లె చూడండి. వ్యర్థాల చెరువు దగ్గరి రైతులు బోర్లు చెడ్డాయని మొత్తుకుంటున్నారు. తవ్వకముందు లెక్క చేతిలో లేకుంటే, చెడింది గనివల్లనా, రాయివల్లనా అన్న తగువు తెగదు.

పరీక్షంటే ముందే ఎగువనా దిగువనా పరిశీలన బావులు వేయాలి. మట్టిని లోతులవారీగా తీయాలి. నమూనాలో సగం గ్రామసభకివ్వాలి. ఫలితం పెంటపెంటకూ చదివి వినిపించాలి. అంతచేసినా తవ్వకానికి మేం ఒప్పుకున్నట్టు కాదు.

ఖనిజానికి నాలుగు వేల బోర్లన్నవాళ్లకు, మా నీళ్లకు నాలుగు బావులు బరువా?