బీరువాలో జపాన్ పెన్ను

పాత జపాన్ ఫౌంటెన్ పెన్నులు సేకరించే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? ఉంటే ఒక మనవి. వాటిలో ఒకటి మీ అమ్మాయికో, అబ్బాయికో ఇవ్వండి. చూసి తిరిగి ఇచ్చేయడానికి కాదు, రోజూ రాసుకోవడానికి.

"అంత ఖరీదైన పెన్ను పిల్లల చేతికా!" అంటారని తెలుసు. లక్క పూత మీద బంగారు పొడితో బొమ్మలు తీర్చిన మాకీ-ఎ పెన్నుల సంగతి కాదు నేను చెప్పేది. 1930 ప్రాంతంలో నమికి కంపెనీ లండన్ డన్‌హిల్‌తో కలిసి అమ్మిన అలాంటి పెన్నులు ఇప్పుడు వేలంలో లక్షలు పలుకుతాయి. అవి బీరువాలోనే ఉండనివ్వండి. 1960, 70లలో జపాన్ వాళ్లు చొక్కా జేబులో పెట్టుకు తిరిగిన పొట్టి పెన్నులున్నాయి చూడండి, పైలట్ ఎలీట్ లాంటివి, వాటి గురించి అడుగుతున్నాను. మూత పెడితే అరచేతిలో ఇమిడిపోతాయి. మూత తీసి వెనక తగిలిస్తే మామూలు పెన్నంత పొడవవుతాయి. (1971 నాటి మ్యూ 701 మాత్రం వద్దు. అందులో పాళీ విడిగా ఉండదు, స్టీలు ఒంటితో కలిసే ఉంటుంది. వంగితే అంతే సంగతులు.)

ఆ పెన్ను చేతికిచ్చి, పక్కన భూతద్దం పెట్టండి. ఆ కాలపు పైలట్ పాళీల మీద చిన్న గుర్తు కనిపిస్తుంది. 'హెచ్ 574' అని ఉంటే 1974 మే నెలలో తయారైందన్నమాట. ఇక మీరు చెప్పక్కర్లేదు, ప్రశ్నలు వాళ్లే వేస్తారు.

జపాన్ పాళీలు సన్నగా రాస్తాయి. ఒక్క కంజీ అక్షరంలో పది, పదిహేను గీతలు ఇరికించాలి కదా! 'లక్ష్మి' అని రాసేటప్పుడు వత్తులు కలిసిపోకుండా ఉండాలంటే మనకూ అదే మేలు. పైగా బాల్ పెన్నులా నొక్కి రాస్తే ఈ పాళీ విచ్చుకుంటుంది. చెయ్యి తేలిక చేసుకోక తప్పదు. దీనివల్ల మార్కులు పెరుగుతాయని మాత్రం నేననడం లేదు.

గీతలు పడితే ధర తగ్గుతుందన్న బెంగ నిజమే. కానీ "ముట్టుకోవద్దు" అన్న మాట ఒక్కటే విని పెరిగిన పిల్లలకు రేపు ఆ పెన్నులన్నీ పాత సామానే. మీ తర్వాత వాటి విలువ తెలిసేదెవరికి?

సేకరణ లేని ఇళ్లవాళ్లు దీనికోసం జపాన్ పెన్ను కొనక్కర్లేదు. 1932లో మొదలైన మన రాజమండ్రి రత్నం పెన్ను ఉండనే ఉంది.

అప్పటి చాలా పైలట్ పెన్నులకు ఇప్పటి పైలట్ కార్ట్రిడ్జే సరిపోతుంది. లోపల పాత ఇంకు గడ్డకట్టి ఉంటే పాళీ భాగాన్ని ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టండి, వేడినీళ్లు వద్దు. దసరా సెలవులకు ఊరెళ్లే ముందు ఇంకు తీసేసి, కడిగి, ఆరబెట్టాలి. ఆ పని మీరు చేయకండి, పిల్లలనే చేయనివ్వండి.