ముసురు పట్టినా సైకిల్ ఆగకూడదు

ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ యాత్ర మళ్లీ 2027లో రానుంది. దాదాపు 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. తిండి, నిద్ర, పంక్చర్లు అన్నీ ఆ గంటల్లోనే సరిపెట్టుకోవాలి. అక్కడ నిలబడాలంటే అదే సీజన్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు అనే అర్హత రైడ్లు గడువులోగా పూర్తిచేసి ఉండాలి. సీజన్ నవంబరులో మొదలవుతుంది కాబట్టి మన రాష్ట్రాల రైడర్లు ఈ అర్హత రైడ్లలో ఎక్కువ భాగం పొడి నెలల్లోనే ముగించేయగలరు. జూన్‌లో నైరుతి రుతుపవనాలు రాగానే సైకిల్ గోడకు చేరితే, ఆగస్టులో జరిగే యాత్రకు ముందున్న రెండు నెలలూ చేజారినట్టే. అందుకే వానాకాలాన్ని సాధనకు విరామంగా చూడటం మానాలి. ప్రాణాపాయం ఉన్న రోజున ఆగాలి, ఒట్టి ఇబ్బంది ఉన్న రోజున తొక్కాలి.

గత యాత్రలు చెబుతున్నదీ ఇదే. 2007లో వాన వదలకుండా కురిసింది. మామూలు కంటే చాలా ఎక్కువ మంది మధ్యలోనే ఆగిపోయారు. 2019లో ఎదురుగాలి, రాత్రిపూట వణికించే చలి. ఇలాంటిచోట రైడర్‌ను ఆపేది ప్రతిసారీ కాళ్ల బలహీనత కాదు. తడిసిన షార్ట్స్ ఒరుసుకుని తొడలు పుండవుతాయి. వేళ్లు మొద్దుబారి గేర్ మార్చలేని స్థితి వస్తుంది. తడి రిమ్ మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది, రోడ్డు మీది తెల్ల గీతలు జారుతాయి. వానలో ఆగి తినడానికి బద్ధకించినవాళ్లు నాలుగు గంటల తర్వాత దాని ఫలితం అనుభవిస్తారు. టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, ఏ జాకెట్ లోపల చెమట నిలుస్తుంది, పొడి సాక్సులు ఎక్కడ దాచుకోవాలి అన్నవి పుస్తకం చదివితే వచ్చేవి కావు. ఇంట్లో సైకిల్‌ను ట్రైనర్ స్టాండుకు బిగించి తొక్కితే గుండెకూ కండరాలకూ మేలే గానీ, ఈ చిన్న పనుల్లో ఒక్కటీ అలవడదు.

మన వాన వెచ్చనిది, యాత్ర సాగే బ్రిటనీ ప్రాంతపు వాన చల్లనిది, ఆ పోలిక చెల్లదని అనేవారున్నారు. సగం నిజమే. చలికి అలవాటు పడాలంటే డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి రైడ్లు ఎంచుకోవచ్చు. తడిని సంభాళించడం మాత్రం జులై ముసురే నేర్పాలి. అంతకంటే బరువైన అభ్యంతరం ప్రమాదాల గురించి. నీటి కింద గుంత కనపడదు, లారీ డ్రైవరుకు సైకిల్ కనపడదు. అందుకే హద్దు ముందే గీసుకోవాలి. ఉరుము వినపడితే పక్కా భవనంలోకి వెళ్లి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. వాగు రోడ్డెక్కి పారుతుంటే మోకాలి లోతైనా దాటకూడదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజునా, మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ రోడ్డెక్కనక్కర్లేదు. అప్పుడు ట్రైనరే మేలు. హైదరాబాద్‌లో ఔటర్ రింగురోడ్డు వెంట 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సౌర ఫలకాల పైకప్పు ఉంది. లారీల భయం లేకుండా వాన రోజున మొదటి పాఠాలు నేర్చుకోవడానికి అది మంచి చోటు.

ప్రమాదం వల్ల ఆగిన రోజుల బాకీ తీర్చాలన్న తొందర మరో ముప్పు. పోయిన వారం కిలోమీటర్లను ఈ వారంలో కలిపి తొక్కితే మొదట మొరాయించేది మోకాలు. వారం రోజుల విరామంతో దమ్ము పెద్దగా తగ్గదు; ఆగినచోటి నుంచి మామూలుగా కొనసాగించడమే క్షేమం. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాల మీదే ఆధారపడినవారికి ఇది ఇంకా ముఖ్యం. సైక్లింగ్ క్లబ్బులు కూడా జులైలో పగటిపూట, ఊరికి దగ్గరగా, ఎక్కడైనా మానేసి ఇంటికి తిరిగిరాగలిగే చిన్న చుట్టు రైడ్లను వాన కోసమే ఏర్పాటు చేయాలి. అనుభవమున్న ఇద్దరు రైడర్లు వెంట ఉండాలి, మడ్‌గార్డులు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి చేయాలి. మొదటిసారి ఫ్రాన్స్ వెళ్లాలనుకునేవారిని ముందుగా అలాంటి రైడ్లకే పిలవాలి.