డ్రైవర్ జైల్లో, విరిగిన ముక్క తుక్కులో

మొన్న దాళ్వా ధాన్యం ఎగుమతుల రోజుల్లో మా ఊరి కాలువ కట్ట దిగేచోట ఒక లారీ ముందు వెళ్తున్న ట్రాక్టర్‌ని గుద్దింది. ట్రాలీలో బస్తాల మీద కూర్చున్న హమాలీ కిందపడి అక్కడికక్కడే చనిపోయాడు. లారీ డ్రైవర్ పక్క మండలం కుర్రాడే. బ్రేకు తొక్కితే పట్టలేదని స్టేషన్‌లో పదిసార్లు మొత్తుకున్నాడు. నిర్లక్ష్యంగా నడిపాడని కేసు రాశారు. తనిఖీకి వచ్చిన అధికారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, యాంత్రిక లోపం లేదని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లారు. బండి కిందికి వంగి చూడలేదు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

తర్వాత బండి విడిపించి విజయవాడ ఆటోనగర్‌కి తోలుకుపోతే, చనిపోయినవాడి కుటుంబానికి ఏమిస్తాడో ఓనర్‌తో తేల్చుకోవాలని నేనూ వెంట వెళ్లాను. మేస్త్రీ వెనక చక్రం దగ్గర బ్రేక్ చాంబర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ చూపించాడు. వెల్డింగ్ దగ్గర విరిగిపోయి ఉంది. విరిగినచోట సగం మేర తుప్పు. అంటే ఆ చీలిక అవాళ పుట్టింది కాదు. "ఈ మోడల్‌కి నా దగ్గరికి వచ్చింది ఇది మూడోది బాబాయ్" అన్నాడు. అంటూనే ఆ ముక్కని తీసి మూల ఉన్న తుక్కులోకి విసిరేశాడు.

నాకు ఆ రోజు నుంచి ఆ ముక్క మీదే ధ్యాస. కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం కిలోల లెక్కన అమ్ముడుపోయే చోటికి పోయింది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఈ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో వేశారు. డ్రైవర్లు వేగంగా పోవడం లేదని నేననను. కానీ ఆ లెక్కలు వచ్చేది పోలీసు రికార్డుల నుంచి. మా కట్ట మీద జరిగినట్టే ప్రతిచోటా రాసుకుంటే బండి తప్పు ఏ లెక్కలోకి వస్తుంది? 2024 జనవరిలో కొత్త శిక్షాస్మృతిలోని పదేళ్ల జైలు శిక్ష మీద లారీ డ్రైవర్లు బండ్లు ఆపేస్తే, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాం కదా. ఆ గొడవంతా డ్రైవర్‌కి ఎన్నేళ్లు వెయ్యాలన్న దాని మీదే నడిచింది. బండి తయారు చేసినవాడి పేరు అప్పుడూ ఎవరూ ఎత్తలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ పెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒక రకం బండిలో డ్రైవర్‌కి గానీ, రోడ్డు మీద వెళ్లేవాళ్లకి గానీ ప్రమాదం తెచ్చే లోపం ఉంటే ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. లోపం ఒక విడిభాగంలో ఉంటే, అది బిగించిన ప్రతి బండినీ, మోడల్ ఏదైనా సరే, పిలిపించాలి. దర్యాప్తు చేసే అధికారికి సివిల్ కోర్టు లాగా మనుషుల్ని పిలిపించే, కాగితాలు తెప్పించే అధికారం ఇచ్చారు. కంపెనీ డబ్బు వాపసు ఇవ్వాలి, లేదా బండి మార్చాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. కోటి అంటే మనకి గొప్ప. వాళ్లకి రెండు మూడు పెద్ద లారీల ధర.

చిక్కు రూల్స్‌లో ఉంది. పెద్ద లారీల విషయంలో, ఏడాదిలో అమ్మిన బండ్లలో 3 శాతానికి ఫిర్యాదులు వస్తే రీకాల్ తప్పనిసరి అన్నారు. ఏడాదికి 10,000 అమ్ముడుపోయే మోడల్ అయితే 300 మంది ఓనర్లు విడివిడిగా వాహన్ పోర్టల్‌లోకి వెళ్లి ఒకే లోపం రాయాలి. మన దగ్గర లారీ ఓనర్ అంటే ఫైనాన్స్ వాయిదా కట్టలేక నలిగిపోతున్న మనిషి. బండి ఆగితే తెల్లారేసరికి వెల్డింగ్ పెట్టించి రోడ్డెక్కిస్తాడు గానీ పోర్టల్ వెతుకుతాడా?

అమెరికాలో ఈ పని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ చేస్తుంది. ఎదురుగా ఏమీ లేకుండానే ఆటోమేటిక్ బ్రేకులు పడిపోతున్నాయని 2023లో ఫ్రైట్‌లైనర్ లారీల మీద ఫిర్యాదులు వచ్చాయి. ఎన్ని? 18. ఆ 18తోనే సుమారు రెండున్నర లక్షల లారీల మీద ప్రాథమిక దర్యాప్తు మొదలుపెట్టారు. అది రీకాల్ కాదు, దర్యాప్తే. అమెరికా చేసేదల్లా మంచిదని చెప్పను, మన పత్తి రైతుకి ఆ దేశం సబ్సిడీలు చేసిన మేలు తెలిసిందే. కానీ అక్కడ 18 మంది చెబితే తలుపు తెరుచుకుంది. 110ఏ సెక్షన్‌లో కూడా ఓనర్లే చెప్పాలని లేదు. టెస్టింగ్ సంస్థ చెప్పినా, 'ఇతర ఏ మార్గం ద్వారా' తెలిసినా చాలు అని రాసి ఉంది. ఆటోనగర్ మేస్త్రీని మించిన మార్గం ఏముంటుంది? ఏ మోడల్‌కి ఏ బోల్టు ఎప్పుడు తెగుతుందో అతనికి నోటికి వచ్చు. అతన్ని అడిగిన అధికారి ఇంతవరకు లేడు.

ఇంకొకటి. ఈ రూల్స్ ఏడేళ్ల లోపు బండ్లకే. మన ఊళ్లలో ధాన్యం, మిర్చి, చెరకు మోసే బండ్లలో చాలావరకు చేతులు మారి వచ్చినవి. ఎనిమిదో ఏట విరిగినా ఆ లోపం కంపెనీలో పుట్టిందే కదా. ఏడేళ్ల గీత తీసెయ్యాలి. చావు జరిగిన ప్రతి కేసులో బ్రేకు, స్టీరింగ్, యాక్సిల్ విప్పి చూసి, విరిగిన భాగం ఉంటే సీలు వెయ్యాలి. ఈ రెండూ మన సంఘం డిమాండ్లలో చేరాలని నా అభిప్రాయం.

ఓవర్‌లోడ్ సంగతేంటని కంపెనీవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. కాటా దగ్గర నాలుగు బస్తాలు ఎక్కువ వెయ్యమనేది మనమే, కిరాయి కలిసొస్తుందని. మన ట్రాక్టర్ ట్రాలీలు ఏ షెడ్డులో వెల్డింగ్ అవుతాయో, వాటికి బ్రేకు ఉందో లేదో, వెనక ఎర్ర లైటు వెలుగుతుందో లేదో కూడా చూసుకోవాలి. చీకట్లో ఆగి ఉన్న ట్రాలీని గుద్దుకుని పోయిన మోటార్ సైకిల్ పిల్లల్ని మనం ఎరగమా? మన తప్పు మనం ఒప్పుకుందాం. అది విరిగిన బ్రాకెట్‌కి జవాబు మాత్రం కాదు. బరువు వల్ల విరిగిందో, వెల్డింగ్ లోపంతో విరిగిందో తేలాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి.

మా మండల కమిటీ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టాం. లారీ, ట్రాక్టర్, టిప్పర్ ఏదైనా సరే, బ్రేకు ఫెయిలైనా, యాక్సిల్ విరిగినా వచ్చి చెప్పండి. మోడల్, కొన్న ఏడు, ఛాసిస్ నంబరు, ఏ భాగం, ఎవరు బాగుచేశారు, ఇవి రాసుకుంటాం. ఫోన్‌లో ఫొటో తీయండి, ముక్క పారెయ్యకండి. ఓనర్ ఒప్పుకుంటే పోర్టల్‌లో మా కుర్రాళ్లు పెడతారు. నకలు జిల్లా రవాణా కార్యాలయంలో ఇచ్చి రసీదు తెస్తాం.

మొదటి పేజీలో ఆ బ్రాకెట్టే ఉంది. ముక్క కోసం మళ్లీ ఆటోనగర్ వెళ్లాం గానీ తుక్కంతా అప్పటికే కాటాకి పోయింది. మేస్త్రీ మాత్రం తాను చూసిన మూడు బండ్ల నంబర్లూ చెప్పి సంతకం పెట్టాడు. డ్రైవర్ తరఫు వకీలుకి ఆ కాగితం ఇచ్చాం.