కర్ర చట్రం ఇంటికీ పక్కా ఇంటి మంజూరు ఇవ్వాలి

సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల గిరిజన గ్రామాల పెద్దలకు, పార్వతీపురం ఐటీడీఏ అధికారులకు, వడ్రంగి సోదరులకు విన్నపం.

మన కొండల్లో జాతాపులు, సవరలు, కొండదొరలు కట్టుకున్న పాత ఇళ్లు చాలావాటిలో బరువంతా కర్రదే. గుంజలు పాతి, వాటి పంగల్లో దూలాలు కూర్చోబెట్టి, వాసాలు పరుస్తారు. నడుమ వెదురు తడక అల్లి పేడమట్టి మెత్తుతారు. గోడ కప్పును మోయదు. అందుకే వానకు గోడ ఒక పక్క కరిగినా కప్పు కూలదు. పాడైన గుంజనొక్కదాన్నే తీసి వేరేది నిలబెట్టుకోవచ్చు, మట్టి మళ్లీ మెత్తుకోవచ్చు. ఇంటివాళ్ల చేతులు చాలు. ప్రభుత్వ ఇల్లు మంజూరైతే మాత్రం ముందు ఈ ఇంటినే కూలదోస్తున్నాం. సిమెంటు, ఇనుము, ఇసుక ఘాట్ ఎక్కేసరికి వచ్చిన సొమ్ములో ఎంత కిరాయిలకే పోతుందో కొండ మీద ఇల్లు కట్టినవాళ్లందరికీ తెలుసు.

కర్ర చట్రం ఇళ్లు మన కొండల్లోనే కాదు, వేరేచోట్లా ఉన్నాయి. ఇంగ్లండులో చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్ పెద్ద భూస్వాముల ఇల్లు. దాన్ని నిలబెట్టిందీ కర్ర చట్రమే. 1500ల తొలి ఏళ్లలో మొదలైన ఆ ఇల్లు ఒరిగింది, వంగింది, అయినా నిలిచే ఉంది. 1938 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని కాపాడుతోంది. అంతకుముందే, 1877లో, పాతవాటిని కొత్తగా మార్చేయకుండా మరమ్మతు చేసి నిలబెట్టాలని రచయిత, కళాకారుడు విలియం మోరిస్ ఇంగ్లండులో ఒక సంఘం పెట్టాడు. అక్కడి దొరల ఇంటికి దక్కిన గౌరవం మన సవర ఇంటికి ఎందుకు దక్కకూడదు?

లోపాలు లేవని మేము అనం. నేలలో పాతిన గుంజ మొదలు కుళ్లుతుంది, చెద పడుతుంది. గడ్డికప్పుకు నిప్పు భయం ఉంది. వీటన్నిటికీ విరుగుడు ఉంది. గుంజను రాతి దిమ్మ మీద నిలిపి కట్టాలి. అరుగు ఎత్తు పెంచాలి. చూరు బాగా ముందుకు దించాలి. వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టాలి. గడ్డి బదులు పెంకు వేయాలి; తుపాను గాలికి లేచిపోకుండా వాసాలను దూలాలకు ఇనుప పట్టీలతో బిగించాలి.

కేంద్ర గ్రామీణ ఆవాస్ యోజన కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు ఉండాలంటుంది. స్థానిక సామగ్రిని, స్థానిక నమూనాలను వాడుకోమని కూడా ఆ పథకమే చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. కొండ సవరలకు 2023లో మొదలైన జన్‌మన్ పథకం ఇళ్లూ ఉన్నాయి. అడ్డంకి చట్టంలో లేదు, మంజూరయ్యే నమూనాలో ఉంది.

కాబట్టి ఐటీడీఏ ఇంజనీర్లు పైన చెప్పిన మార్పులతో కర్ర చట్రం ఇంటి నమూనా గీయించి, పక్కా ఇల్లుగా ఆమోదించాలి. వడ్రంగి కూలిని అంచనాలో విడిగా చూపాలి. సాలూరు లారీల ఊరు. లారీ బాడీలకు కర్ర బిగించిన పనివాళ్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లను పిలవాలి. కూలదోసే ముందు ప్రతి పాత ఇంటినీ కొలిచి, ఫొటోలు తీసి, సవరలు గోడల మీద వేసిన బొమ్మలతో సహా నమోదు చేయాలి.

వచ్చే గ్రామసభలో ఈ కోరికలతో తీర్మానం పెట్టించండి. నకలు మీద సర్పంచి సంతకం చేయించి పార్వతీపురం పంపండి.