గృహారోగ్యము: అత్తగారి బిందె



పెద్దలకు శ్రమ లేకుండఁ జేయుటయే సేవ యని మనము చిన్ననాఁటినుండి విని యున్నాము. మేమును నట్లే నమ్మితిమి. మా యత్తగారికి 52వ యేట ముట్లుడిగెను; రెండేండ్లకు మధుమేహము బయటపడెను. అది మొదలు బిందె మేమే యెత్తితిమి, బట్టలు మేమే పిండితిమి, ఆమెను గుర్చీలోఁ గూర్చుండఁబెట్టితిమి. మూఁడేండ్లకు ఆమె పూజపీటపైనుండి చేయూఁత లేక లేవలేకపోయిరి. మాత్రలు పెరిగినవి; చక్కెర తగ్గలేదు. "మీ యత్తగారికి విశ్రాంతి యెక్కువైనది" అని వైద్యురాలనఁగా మాకు సిగ్గు కలిగెను.

కారణ మిది. భుజించిన యన్నము చక్కెరయై నెత్తుటఁ జేరును. దానిలో నధికభాగమును గైకొనునవి కండలే. ముట్లుడిగిన పిదప ఈస్ట్రొజెను తగ్గుటచేతను, వయసుచేతను కండ క్షీణించును, పొట్టచుట్టు క్రొవ్వు చేరును, ఎముకలు పలుచనగును, ఇన్సులిను పని మందగించును. అయినను బరువున కెదురుగాఁ బనిచేయు కండ, ఇన్సులిను సాయము కొఱవడినను చక్కెరను లోనికిఁ దీసికొనఁగలదు. ప్రమేహమునకు శ్రమ మందన్న మాట మనకుఁ గ్రొత్త కాదు. సుశ్రుతసంహిత దూరపునడకను, బావి త్రవ్వుటను గూడ విధించినది.

"నడక చాలదా?" యని యడుగుదురేమో. నడక మంచిదే. కాని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సూచనలలో, వారమునకుఁ గనీసము 150 నిమిషముల నడకవంటి శ్రమతోపాటు, కండలకు బలమిచ్చు శ్రమ రెండు దినములైన నుండవలెనని యున్నది.

"ఈ వయసున గంతులా? నలుగురు నవ్వరా?" యని మొదట మా యత్తగారనిరి. గంతులేమియు లేవు. మావారు పాఠశాలకుఁ బోయిన పిదప, దినము విడిచి దినము, వారమునకు మూఁడుమారులు చేయుదుము. గోడకానించిన కుర్చీనుండి లేచి కూర్చుండుట. గోడకుఁ జేతులాన్చి నెట్టుట. కుర్చీవీపు పట్టుకొని మడమలెత్తుట. లీటరు నీళ్ల సీసా పట్టి మోచేయి మడచుట. ఒక్కొక్కటి 10 సారులు, కొంత విరామము, మరల 10 సారులు. సులువైన కొలఁది బరువు పెంచవలెను. ఎత్తునపుడు ఊపిరి విడువవలెనేగాని బిగఁబట్టరాదు.

మా పొరపాటొకటి చెప్పక తప్పదు. ఒక యేకాదశినాఁడు ఆమె మాత్ర వేసికొని, ఉపవాసముతోనే వ్యాయామము చేసిరి. చేతులు వణఁకెను, చెమటలు పట్టెను. చూడఁగా చక్కెర 62. మూఁడు చెంచాల పంచదార నీటఁ గలిపి యిచ్చితిమి, పావుగంటకుఁ దేఱుకొనిరి. 70కి దిగినచో జాగ్రత్త పడవలెను. ఇన్సులిను గాని, చక్కెర దించు మాత్రలు గాని వాడువారు, కంటిజబ్బు, గుండెజబ్బు గలవారు వైద్యులనడిగియే మొదలిడవలెను. పాదములకుఁ బుండ్లున్నవేమో దినదినము చూచుకొనవలెను. మాత్రలు తమంతఁ దాము మానరాదు.

ఆఱు నెలలైనది. వైద్యురాలు మాత్ర యొకటి తగ్గించినది. మొన్న మా యత్తగారు పీటపైనుండి తామే లేచి, "అమ్మాయీ, ఆ బిందె యిటు తే" యనిరి. అడ్డుపడఁబోయి యాగితిమి. సగము నీళ్లతో నిచ్చితిమి. మీ యింటి పెద్దల చేతినుండియు పనియంతయు లాగుకొనకుఁడు. వారి బలమునకుఁ దగినంత వారికే విడువుఁడు.